ఉన్ని లేసింది

మా నాయన ఆకాశం చూసి వాన సంగతి చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఆయన పొట్టేలును అడిగేవాడు. దాని పక్కన నిలబడి, వెన్ను మీద అరచెయ్యి ఆనించి, తోక వైపు నుంచి మెడ వైపుకు, అంటే ఉన్నికి ఎదురుగా, ఒక్కసారి నిమిరేవాడు. ఉన్ని చేతికి అంటుకుని సన్నగా చిటపటలాడితే "ఉన్ని లేసింది" అనేవాడు. ఇక మారుమాట లేదు. గుట్ట మీద ఎంత మేత ఉన్నా మంద వాగులోకి దిగాల్సిందే. కాసేపటికి గుట్ట మీద పిడుగు పడేది.

నేను ఇరవై ఏళ్ళు చదివి కనిపెట్టింది కూడా అదే. కాకపోతే ఒక పొట్టేలు బదులు పద్నాలుగు వేల గొర్రెలు, ఒక అరచెయ్యి బదులు పద్నాలుగు వేల సూదులు. దానికి నాకు శాలువాలు కప్పారు. మా నాయనకు ఎవరూ కప్పలేదు. ఆయనకు గొంగడి ఉండేది.

నా చిన్నప్పుడు పిడుగంటే వేసవి చివర ఏ సాయంత్రమో ఒకటీ అరా పడేది. ఇప్పుడలా కాదు. ఉత్తరాన మంచుకొండల వైపు నుంచి బయల్దేరే చలిగాలి ఒకప్పుడు వింధ్య దాటేది కాదు. గత పన్నెండేళ్ళుగా చైత్రం రాగానే గోదావరి కూడా దాటి మా పాలమూరు మీదికి దిగుతోంది. ఆ గాలి బరువైనది. నేలబారున వచ్చి, ఇక్కడ ఎండకు ఉడికి ఉన్న గాలి కిందికి దూరి, దాన్ని ఒక్క ఊపున పైకి ఎత్తేస్తుంది. ఎత్తిన చోటల్లా ఉరుముల మేఘం లేస్తుంది. రెండు వందల కిలోమీటర్ల పొడవున, గోడ కట్టినట్టు వరసగా. మావాళ్ళు దానికి సలిగోడ అని పేరు పెట్టారు. మా కాగితాల్లో వేరే పేరుంది గానీ, నేను పనిచేసే నల్లగుట్ట మీది పరిశోధనశాలలో కూడా అందరం సలిగోడ అనే అంటాం.

సలిగోడ ఏ రోజు వస్తుందో రెండు రోజుల ముందే చెప్పొచ్చు. దాని వెంట ఎక్కడ పిడుగు పడుతుందో చెప్పడమే కష్టం. మొదట్లో జిల్లా మొత్తానికీ సైరన్ మోగించేవాళ్ళు. మొదటిసారి జనం ఇళ్ళలోకి ఉరికారు. మూడోసారి టీకొట్టు ముందు నిలబడి, టీ ఊదుకుంటూ, ఆ మోతకు వంకలు పెట్టారు. ఆ మూడోసారే ఇరవై ఆరు మంది పోయారు. జనాన్ని తప్పుపట్టలేం. ఎక్కడో పడే పిడుగుకు అందర్నీ ఎన్నిసార్లు భయపెడతాం?

అప్పుడు నాకు మా నాయన చెయ్యి గుర్తొచ్చింది. అప్పటికి ఆయన పోయి నాలుగేళ్ళు. మేఘంలో కరెంటు ముదిరే కొద్దీ నేల మీద కూడా దాని ఊపు తెలుస్తుంది. బొచ్చున్న నల్లగొర్రె ఉన్ని దాన్ని అన్నిటికన్నా ముందు పట్టుకుంటుంది. చాలామంది ఉన్ని లేని నెల్లూరు గొర్రెలకు మారిపోయినా, మా అన్న బీరన్న మొండికేసి నల్లగొర్రెలనే మేపుతున్నాడు. ఉన్నిలోని కరెంటును కొలిచే సూది ఉన్న మెడపట్టీని మొట్టమొదట అతని పొట్టేలుకే కట్టాను.

"గొర్రెకు తాయెత్తు కడ్తున్నవా చెల్లె?" అన్నాడు అన్న. "దిష్టి పోతదా, పిడుగు పోతదా?"

"నాయన చెయ్యి కడ్తున్న," అన్నాను.

అతను నవ్వు ఆపేశాడు. ఆ వారమే నల్లగొర్రెలున్న నలభై అయిదు మందల వాళ్ళను తిరిగి ఒప్పించాడు. వాళ్ళు నమ్మింది నా చదువును కాదు, బీరన్న చెల్లెలినని నమ్మారు. గొర్రెలు గుట్టల నిండా విడివిడిగా మేస్తుంటే, ఒక్కో గొర్రె ఒక్కో కొలత పంపిస్తుంటే, మా తెర మీద మూడు జిల్లాల నేల చుక్కలు చుక్కలుగా వెలిగేది. సలిగోడ ఆ చుక్కల మీదుగా నడిచి వస్తుంటే యంత్రం దాని నడక నేర్చుకుంది. ఇరవై నిమిషాల ముందు, ఒక చెరువు గట్టంత తేడాతో, పిడుగు ఎక్కడ పడుతుందో చెప్పడం మొదలుపెట్టింది.

కాపరులకు హెచ్చరిక ఫోనులో వెళ్ళేది. ఎవరి గొంతు పెట్టాలని అడిగితే అందరూ నా గొంతే అన్నారు. నేను ఒక మధ్యాహ్నం గదిలో కూర్చుని, "అన్నా, మంద మలుపుండ్రి" అని నాలుగుసార్లు చెప్పి, అందులో బాగున్నదాన్ని ఎక్కించాను. మెల్లగా ఆ హెచ్చరిక పేరే చెల్లె అయిపోయింది. "చెల్లె మోగిందా?" "ఇంక మోగలే." గుట్టల మీద అదే మాట. నాకు గర్వంగానే ఉండేది. ఇప్పుడు దాచుకోవడం ఎందుకు?

రెండో ఏడు ఏప్రిల్‌లో గొర్రెల సంగతి ఒకటి నాకు మళ్ళీ గుర్తొచ్చింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే, లెక్కలో పెట్టుకోలేదు. కాపరి మందను మలిపితే గొర్రెలు ముద్దగా చేరతాయి. తలలు ఒకదాని పొట్ట కింద ఒకటి దూర్చి, ఆ ముద్దగానే వాగులోకి దిగుతాయి. విడిగా మేస్తే మూడు వందల సూదులు. ముద్దయితే ఒక్క సూది. చెల్లె మోగగానే పులిగుట్ట మీది పదకొండు మందలూ ఒకేసారి ముద్దయ్యాయి. సలిగోడ సరిగ్గా అక్కడికి వచ్చిన క్షణాన మా తెర గుడ్డిదైపోయింది. గుట్ట అవతల కొత్తపల్లి అంగడి జరుగుతోంది. అక్కడ పడే పిడుగు మాకు కనిపించలేదు. పదకొండు మంది చచ్చిపోయారు. కాపరులు మాత్రం అందరూ క్షేమం.

మా అధిపతి పురంధర్‌గారు చెడ్డవాడని మీరనుకుంటే నాకు చెప్పడం చేతకానట్టే. ఆయన ఆ పదకొండు ఇళ్ళకూ స్వయంగా వెళ్ళాడు. తిరిగొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు నన్ను పిలిచి మెల్లగా అడిగాడు.

"మందలకు కాస్త ఆలస్యంగా చెబితే ఏమవుతుంది, నీలమ్మగారూ?"

"ఎంత ఆలస్యం?"

"గోడ అవతల ఏముందో మనకు తేలేంత. మీరే లెక్క కట్టండి. మీవాళ్ళకు ప్రమాదం ఉండకూడదు."

లెక్క నేనే కట్టాను. మంద వాగులోకి దిగడానికి పది నిమిషాలు చాలు. ఇరవైలో తొమ్మిది పోతే పదకొండు. ఒక నిమిషం మిగులుతుంది కూడా. నిలుపు అని పేరు పెట్టి, నా చేత్తోనే యంత్రంలో రాశాను. తొమ్మిది నిమిషాలు. కాపరులకు చెప్పాలా అని అడిగాను. చెబితే ముందే మలుపుకుంటారు, ఇంక నిలుపు ఎందుకన్నాడాయన. నాకూ అది సబబే అనిపించింది. ఆ తర్వాత రెండేళ్ళు మూడు జిల్లాల్లో పిడుగుకు పోయినవాళ్ళు ఇద్దరే.

మా అన్న ఇల్లు పులిగుట్ట కింద. ఉగాది తర్వాత ఒక ఆదివారం అక్కడికి వెళ్ళాను. వదిన ఈదమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది. పొయ్యి పక్కన పుంటికూర ఉడుకుతోంది. అన్న గోడకు చేరగిలబడి నన్ను ఆట పట్టిస్తున్నాడు. అతను చెల్లెను నమ్ముతాడు, ఉన్నినీ వదల్లేదు. వయసు పిల్లలు పొట్టేలు మీద చెయ్యి పెట్టడం ఎప్పుడో మానేశారు. అతను మాత్రం ప్రతిసారీ చెయ్యి పెట్టి, గడియారం చూసుకుని, చెల్లె ఎప్పుడు మోగుతుందా అని కాచుక్కూచుంటాడు. అదొక పందెం.

"మొన్న గుడ ఉన్నే గెలిచింది," అన్నాడు. "నీ మిషిను తొమ్మిది నిమిషాలు ఎన్కబడ్డది. గింత సదివినవ్, గొర్రెను గెలువలేకపోతున్నవ్."

"గెలుస్తలే అన్నా, ఒకనాడు," అన్నాను.

వదిన రొట్టె తిప్పుతూ తల ఎత్తకుండానే అడిగింది. "ఎప్పుడు సూసినా గంతే లేటెందుకైతది నీలమ్మా? ఒకపారి అయిదు, ఒకపారి పన్నెండు కావాలె గద. ఎప్పుడు తొమ్మిదే."

ఆమె ఏ బడిలోనూ చదువుకోలేదు. మా పరిశోధనశాలకు వచ్చిపోయిన పెద్దపెద్దవాళ్ళెవరూ ఆ ప్రశ్న అడగలేదు.

"మిషిను గద వదినా," అన్నాను. "లెక్క చెయ్యనీకె టైం పడ్తది."

"ఓహో," అంది వదిన. రొట్టె తీసి నా కంచంలో వేసింది. అన్న నవ్వుతున్నాడు. నేను తల వంచుకుని ఆ రొట్టె తిన్నాను.

ఏప్రిల్ పదిహేడు, గురువారం. సలిగోడ వస్తుందని రెండు రోజుల ముందే చెప్పాం. పొద్దున్నే నల్లగుట్ట మీద గాలి స్తంభించిపోయింది. మధ్యాహ్నానికి వాయవ్యాన ఆకాశం అడుగున ఊదారంగు గీత ఒకటి లేచింది. పులిగుట్టకు ఆగ్నేయంగా ఎనిమిది కిలోమీటర్ల దూరంలో సంగమపేట పట్నం. అక్కడి స్టేడియంలో ఆ రోజు కానిస్టేబుల్ ఉద్యోగాలకు పరుగు పరీక్షలు. నాలుగు వేల మంది కుర్రవాళ్ళు, ఆడపిల్లలు. చుట్టూ ఇనుప కంచె, మధ్యలో బట్టతలలా మైదానం. వాయిదా వేయమని ఉత్తరం రాశాం. పిడుగు కచ్చితంగా స్టేడియంలోనే పడుతుందని చెప్పగలరా అని తిరుగు ఉత్తరం వచ్చింది. అప్పటికి చెప్పలేం.

మూడు ముప్పై ఒకటికి యంత్రం పులిగుట్ట మీద ఎర్రచుక్క పెట్టింది. పిడుగు మూడు యాభై రెండుకు. చుక్క కింద మంద సంఖ్య పదిహేడు. అది మా అన్న మంద. నిలుపు దానంతటదే మొదలైంది. మూడు నలభైకి చెల్లె మోగుతుంది. సంగమపేట మీద చుక్క ఇంకా కుదురుకోలేదు. ఒకసారి స్టేడియం మీద, ఒకసారి రెండు కిలోమీటర్ల అవతల ఎండిన చెరువు మీద పడుతోంది. చెరువు మీదైతే ఎవరికీ ఏమీ కాదు. స్టేడియం మీదైతే నాలుగు వేల మంది.

"కుదురుకుంటుంది," అన్నాడు పురంధర్‌గారు. ఆయన నుదుటి మీద చెమట. "పులిగుట్ట మందలు అలాగే మేస్తుంటే ఇంకో అయిదారు నిమిషాల్లో తేలిపోతుంది."

మూడు ముప్పై నాలుగుకు నా ఫోను మోగింది. మా అన్న. నేను పనిలో ఉండగా అతను ఫోను చేయడం అదే మొదలు.

"చెల్లే, ఉన్ని లేసింది," అన్నాడు. ఆట పట్టించే గొంతు కాదు. "ఎన్నడు గింత లేవలే. పొట్టేలు మీద చెయ్యి పెడ్తే ముండ్లు ముట్టినట్టున్నది. మంద మలుపమంటవా?"

నేను తెర వైపు చూశాను. పద్దెనిమిది నిమిషాలుంది. అన్న మలిపితే మిగిలిన పది మందలూ అతని ఈల విని మలుపుకుంటాయి. తెర గుడ్డిదవుతుంది. సంగమపేట చుక్క ఇంకా అటూ ఇటూ ఊగుతోంది.

"చెల్లె మోగిందా అన్నా?" అన్నాను. మోగలేదని తెలిసే అడిగాను.

"లే. గందుకే నిన్నడుగుతున్న."

"ఇంక టైమున్నది. జరసేపు ఆగు. మోగినంక మలుపు."

"నువ్వు సూస్తున్నవ్ గదా?"

"సూస్తున్ననన్నా."

"అయితే సరే తియ్యి," అని ఫోను పెట్టేశాడు.

ఆ మాట అబద్ధం కాదని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. నిజంగానే చూస్తున్నాను. కళ్ళు ఆర్పకుండా చూస్తున్నాను. మూడు ముప్పై ఏడుకు గోడ వెనకాల ఉన్న పెద్ద మేఘం ఒకటి ఉన్నట్టుండి కూలిపోయింది. కూలిన మేఘం నుంచి చల్లగాలి నేల మీద పడి, ముందున్న గోడను వెనకనుంచి తోసింది. యంత్రం ఆ నడక ఎన్నడూ చూడలేదు. పులిగుట్ట చుక్క పక్కన పదిహేను ఉన్న అంకె ఒక్కసారిగా నాలుగు అయింది.

నా వేలు నిలుపు తీసేసే మీట మీదికి పోయింది. "ఒక్క నిమిషం," అన్నాడు పురంధర్‌గారు. అరవలేదు, ఆజ్ఞాపించలేదు, బతిమాలాడు. "నీలమ్మగారూ, ఒక్క నిమిషం. కుదురుకుంటోంది."

నాలుగు నిమిషాలుంది కదా అనుకున్నాను. వేలు మీట మీదే ఉంది. నొక్కలేదు.

మూడు ముప్పై ఎనిమిదికి చుక్క స్టేడియం మీద ఆగిపోయింది. ఆయన సంగమపేట సైరన్ మోగించాడు. నేను మీట నొక్కాను. నొక్కుతున్నప్పుడే తెర మీద పదిహేడో మంద దగ్గర తెల్లటి మెరుపు గుర్తు పడింది. యంత్రం చెప్పిన నాలుగు నిమిషాలు కూడా అబద్ధమే అయ్యాయి.

స్టేడియం తొమ్మిది నిమిషాల్లో ఖాళీ అయింది. మూడు నలభై తొమ్మిదికి అక్కడి ఇనుప కంచె మీద వరసగా మూడు పిడుగులు పడ్డాయి. మైదానంలో ఒక జత బూట్లు మాత్రమే మిగిలాయి. గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత నన్ను చూసి ఆపేశారు.

మిగతాది జంగయ్య చెప్పాడు. అతను మా అన్నతో కలిసి ముప్పై ఏళ్ళు మందలు మేపినవాడు. ఆ సాయంత్రం మా అన్న ఇంటి ముందు, చాప మీద పడుకోబెట్టిన శవం పక్కన కూర్చుని, నేల వైపు చూస్తూ చెప్పాడు.

"మలుపుదాం పా బీరన్నా అన్న. నా చెయ్యి గుడ పెట్టి సూసిన. మస్తు లేసిందన్న. 'ఉన్నికేం తెలుసు జంగన్నా, నా చెల్లె సూస్తున్నదట' అన్నడు. పొట్టేలు మీది నుంచి చెయ్యి తీసిండు. టైమున్నదట గద అని, పైన చిక్కిన రెండు గొర్ల కోసం గుట్టెక్కిండు. గొంగడి బరువైతదని నా చేతికిచ్చిపొయ్యిండు."

ఎవరో మంచినీళ్ళు ఇచ్చారు. తాగలేదు.

"పడ్డది. కండ్లు పోయినయనుకున్న. కండ్లు తెరిచేటాలకు నా చేతిల ఉన్న గొంగడిల ఫోను మోగింది. నీ గొంతే అమ్మా. 'అన్నా, మంద మలుపుండ్రి' అంటున్నవ్. మల్ల మల్ల అంటున్నవ్. ఎట్ల బందువెట్టాల్నో నాకు తెల్వలే."

నేను ఏడవలేదు. ఏడ్చే హక్కు లేదనిపించింది. ఎవరైనా నన్ను కొడితే బాగుండుననిపించింది. ఎవరూ కొట్టలేదు. పైగా, మా నీలమ్మ నాలుగు వేల మందిని బతికించింది అని పక్క ఊరివాళ్ళు చెప్పుకుంటూ పోతున్నారు.

దినాలయ్యాక వదిన నన్ను పెరట్లోకి పిలిచింది. బతికిన గొర్రెలు దొడ్లో ఉన్నాయి. పొట్టేలు కూడా ఉంది, జంగయ్య వైపు ఉండి బతికింది. ఆమె దాని వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"గా తొమ్మిది నిమిషాలు ఏందే?" అంది.

చెప్పాను. అంగడి సంగతి, మందలు ముద్దయితే తెర గుడ్డిదయ్యే సంగతి, నిలుపు, నా లెక్క, ఆ చివరి ఒక్క నిమిషం, అన్నీ. మొన్న రొట్టెలు చేస్తున్నప్పుడో, రెండేళ్ళ కిందటో చెప్పాల్సింది అదంతా.

"నాలుగు వేల మంది," అంది వదిన. "పిల్లలు. మంచిదే బతికిన్రు." పొట్టేలు ఉన్నిని సరిచేస్తున్నట్టు నిమిరింది. "గీ ముచ్చట ఆయనకు ఎందుకు చెప్పకపొయ్యినవ్ నీలమ్మా? అన్నా, గిట్లున్నది, నాకోసం తొమ్మిది నిమిషాలు గుట్ట మీద నిలబడు అంటే నిలవడకపోతుండెనా? నిలవడుతుండె. కాకపోతే రెండు గొర్ల కోసం పైకి పోకపోతుండె. వాగు దిక్కు మొఖం పెట్టి నిలవడుతుండె."

చెప్పి ఆపి ఉంటే అన్న తెలిసి ఆగేవాడు. చెప్పకుండా ఆపాను కాబట్టి నన్ను నమ్మి ఆగాడు. రెంటికీ తేడా అతని ప్రాణం.

పరిశోధనశాలలో ఏప్రిల్ పదిహేడు మీద నివేదిక తయారైంది. ఇంత కచ్చితమైన హెచ్చరిక దేశంలో ఇదివరకు ఎవరూ ఇవ్వలేదని రాశారు. స్టేడియం చుక్క కుదురుకోవడానికి పులిగుట్ట మందల చివరి ఏడు నిమిషాల కొలతలే కారణమని, అందులోనూ పదిహేడో మందవి అన్నిటికన్నా మేలైనవని రాశారు. చివరి పేజీలో సిఫార్సు: నిలుపు తొమ్మిది నుంచి పదకొండు నిమిషాలకు పెంచాలి.

"పదకొండా?" అన్నాను. "మంద దిగడానికి పది కావాలి, మిగిలేది తొమ్మిదే."

"ఆ రోజు చెరువా స్టేడియమా అన్నది ఏడో నిమిషానికి గానీ తేలలేదు, ఇంకో రోజు తొమ్మిదీ చాలకపోవచ్చు," అన్నాడు పురంధర్‌గారు. నా మొహం వైపు చూడలేదు. "మీ బాధ నాకు తెలుసు. కానీ అంకెలు..." అని ఆపేశాడు. ఆయన జుట్టు ఆ నెలలోనే చాలా తెల్లబడింది.

"కాపరులకు చెబుదాం," అన్నాను. "చెప్పి అడుగుదాం."

"చెబితే ఒక్కడైనా నిలబడతాడా?"

అన్న నిలబడేవాడు అనబోయాను. రాజీనామా రాసి సొరుగులో పెట్టుకున్నాను, ఇవ్వలేదు. నేను పోతే ఆ మీట దగ్గర కూర్చునేవాడికి గొర్రె అంటే చుక్క మాత్రమే.

మే ఆరు. మళ్ళీ వాయవ్యాన ఊదారంగు గీత. మందలన్నీ గుట్టల మీదున్నాయి. పదిహేడో మంద కూడా ఉంది. దాన్ని ఇప్పుడు వదిన మేపుతోంది. మెడపట్టీలు తీసేస్తుందనుకున్నాను, తీయలేదు. ఎందుకని అడిగే ధైర్యం నాకు రాలేదు. మధ్యాహ్నం రెండు పది. నిలుపు పదకొండు నిమిషాలు. యంత్రం ఇంకా ఎక్కడా ఎర్రచుక్క పెట్టలేదు. సంగమపేట బస్టాండులో సంత రోజు రద్దీ.

ఫోను మోగింది.

"ఉన్ని లేసింది నీలమ్మా," అంది వదిన. వెనకాల గొర్రెల మెడగంటలు, గాలి మోత. "నిన్ను అడుగుతలేను. చెప్తున్న."

ఫోనులోనే ఈల వినిపించింది. అచ్చం మా అన్న వేసే ఈల. ఆమె ఎప్పుడు నేర్చుకుందో తెలియదు. తెర మీద పదిహేడో మంద చుక్కలు మధ్యకు చేరాయి. ఆ వెంటనే జంగయ్య మంద. తర్వాత ఇంకొకటి. పులిగుట్ట మీద పదకొండు మందలూ ఒక్కొక్కటిగా ముద్దయ్యాయి. గుట్ట అవతల సంగమపేట ఉన్న చోట నల్లటి మచ్చ మిగిలింది. అందులో ఎక్కడ ఏం ముదురుతోందో ఇక మాకు కనిపించదు.

"ఏం జరుగుతోంది?" పురంధర్‌గారు కుర్చీలోంచి లేచాడు. "యంత్రం ఏమీ చెప్పలేదే! ఎవరు మలిపారు వాళ్ళను?"

నేను జిల్లా సైరన్ ఉన్న పెట్టె తెరిచాను. నాలుగేళ్ళుగా ఎవరూ ముట్టనిది. మొత్తం జిల్లాకు ఒకేసారి మోగేది. జనం టీ తాగుతూ వెక్కిరించిన సైరన్ అదే. ఈసారైనా ఎంతమంది లోపలికి పోతారో, ఎంతమంది టీకొట్టు ముందే నిలబడతారో నాకు తెలియదు. ఆయన నా చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయాడు. నేను మీట తిప్పాను.

కింద నల్లగుట్ట ఊళ్ళో మోత మొదలైంది. పక్క ఊరిది అందుకుంది. ఆ అవతలిది. అవన్నీ సంగమపేట వైపు పాకుతుంటే కిటికీ రెక్క దానంతటదే కొట్టుకుంది. చల్లటి గాలి గదిలోకొచ్చింది. నా ముంజేతి మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

సైరన్ మోగించినవాళ్ళు పుస్తకంలో వివరం రాయాలి. తేదీ రాశాను. సమయం రాశాను. ఆధారం అనే గడిలో ఇన్నేళ్ళూ యంత్రం ఇచ్చిన అంకె రాసేవాళ్ళం. అక్కడ "ఉన్ని లేసింది" అని రాసి, కింద సంతకం పెట్టాను.